పటాయా క్యాబరే షోకి ఓ తెనాలి మేకప్‌మాన్ మార్కులు

ముందే తేల్చి చెప్పేస్తాను. పటాయా వెళ్తే ఈ షో చూడండి. టికెట్టు మాత్రం టూరు వాడి చేత కొనిపించుకోకండి. ముందు వరస కోసం ఎగబడకండి. ఫోటో దిగాలనుంటే నూరు బాట్ల (థాయ్‌లాండ్ డబ్బు) నోట్లు విడిగా జేబులో ఉంచుకోండి. తొందర పని ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, తీరిక ఉన్నవాళ్ళకు మిగతాది.

నాది తెనాలి. పద్యనాటకాలకు మేకప్ వేస్తాను, డ్రెస్సులు అద్దెకిస్తాను. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, సవరాలు, గడ్డాలు... మా ఇంట్లో మనుషులకంటే వీటికే చోటెక్కువ. మా నాన్నదీ ఇదే పని. మగవాళ్ళు ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆయన అర్దళం, అంటే పాతకాలపు మేకప్ రంగు, నూరి మొహాలకు పట్టిస్తుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. నేను డబ్బాలో వచ్చే పాన్‌కేక్ మేకప్ కాలం వాణ్ణి. రంగు పూసుకుని తెర ముందుకొచ్చే వాళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను, లేదంటే మానేయండి.

నేను పటాయా వెళ్ళడమేమిటంటారా? మా బావమరిదికి ఎరువుల కొట్టుంది. కంపెనీ పెట్టిన టార్గెట్టు కొట్టాడు, ఇద్దరికి బ్యాంకాక్, పటాయా ట్రిప్పు ఇచ్చారు. వాళ్ళావిడ "ఆ ఊరికి నేను రాను, నువ్వు ఒక్కడివే వెళ్ళడానికీ వీల్లేదు" అంది. మధ్యేమార్గంగా నన్ను కాపలా పంపారు. బస్సు నిండా డీలర్లే. గుంటూరు, ఒంగోలు, ఖమ్మం, నల్గొండ. యూరియా స్టాకు గురించి బ్యాంకాక్ ట్రాఫిక్‌లో కూర్చుని మాట్లాడుకునే జనం వేరే ఎక్కడా దొరకరు.

షో ఉన్న రోజు సాయంత్రం మన టూరు మేనేజరు మైకు పుచ్చుకుని "ఇవాళ లేడీబాయ్ షో! ఎవరు ఆడో ఎవరు మగో కనిపెట్టినవాడికి బీరు ఫ్రీ" అన్నాడు. ఈలలు, చప్పట్లు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి. ప్యాకేజీలో ఉన్నది వెనక సీటు, ముందు వరస కావాలంటే మనిషికి 300 బాట్లు అదనం. బాట్ అంటే మన రెండున్నర రూపాయల పైమాట, లెక్క మీరే వేసుకోండి. అందరూ ఇచ్చారు. హాల్లోకి వెళ్ళాక చూస్తే మాకిచ్చినవి ముందు వరసా కాదు, మధ్య వరసా కాదు, పక్కవాటు సీట్లు. అడిగితే "అదే వీఐపీ సార్ ఇక్కడ" అన్నాడు. టూరు కంపెనీ పేరు రాయను గానీ, ఈ రకం మేనేజర్లు మీకూ తగిలే ఉంటారు.

మా బస్సులో థాయ్ గైడు ఒక అమ్మాయి ఉంది. ముప్ఫై దాటి ఉంటాయి. హిందీ దడదడా మాట్లాడుతుంది, తెలుగులో "రండి రండి", "భోజనం అయిందా", "ఒన్ మినిట్ ఆగండి" వచ్చు. బీరు ప్రకటన అయ్యాక మైకు తీసుకుని హిందీలో అంది: "ఆ బీరు నాకే ఇవ్వాలి సార్. జవాబు నాకు తెలుసు. నేనూ కతోయ్‌నే." బస్సు చప్పబడిపోయింది. పొద్దున్నించీ ఈ పిల్ల చేతే లగేజీ లెక్కపెట్టించి, ఈ పిల్ల చేతే పెరుగు ప్యాకెట్లు తెప్పించుకున్న వాళ్ళం కదా. వెనక సీట్లోంచి ఎవరో "అబ్బే, నమ్మను" అన్నారు. ఆమె "నమ్మకపోతే మీ ఇష్టం సార్, ఏడింటికి కింద లాబీలో ఉండండి" అని మైకు పెట్టేసింది.

థాయ్‌లాండ్‌లో మగబిడ్డగా పుట్టి ఆడమనిషిగా బతికేవాళ్ళను కతోయ్ అంటారు. ఇదేదో టూరిస్టులొచ్చాక పుట్టిన వ్యవహారం కాదు. ఉత్తరాన లన్నా ప్రాంతపు పాత సృష్టికథలోనే మొదటి మనుషులు ఆడ, మగ, రెండూ కానివారు అని మూడు తీరులుగా పుట్టారట. పటాయాలో దీన్ని పెద్ద ఎత్తున రంగస్థలం మీదికి తెచ్చింది టిఫనీ షో, 1974లో మొదలైంది. తర్వాత 1981లో అల్కజార్ వచ్చింది. టిఫనీ వాళ్ళు 1998 నుంచి ట్రాన్స్ మహిళలకు అందాల పోటీ పెడుతున్నారు, 2004 నుంచి దాన్ని అంతర్జాతీయ స్థాయిలోనూ నడుపుతున్నారు. మమ్మల్ని తీసుకెళ్ళిన హాలు పేరు మాత్రం చెప్పను. ఒక్క ప్రదర్శన చూసి నాటక సమాజం పేరు పెట్టి తప్పులెంచడం మా నాటకాల వాళ్ళలో మర్యాద కాదు. రెండో రాత్రి ఎలా ఆడతారో ఎవరికి తెలుసు.

ఇక షో. గంటా పది నిమిషాలు. విరామం లేదు. ప్రార్థన లేదు, సన్మానాలు లేవు, దీపం వెలిగించే ఎమ్మెల్యే లేడు. చెప్పిన టైముకి తెర లేచింది. ఒక్క ఈ కారణం చేతే అర మార్కు ఎక్కువ వేస్తున్నాను.

మొదటి ఐటంలో ముప్ఫై మంది దాకా ఒకేసారి వచ్చారు. ఈకలు, జిగురు తళుకులు, నెత్తిన మనిషెత్తు అలంకారాలు. అందరూ ఆహా అంటున్నారు, నేను మోచేతులు చూస్తున్నాను. మేకప్‌మాన్ మోచేతులే చూస్తాడు. మన నాటకాల్లో తొంభై శాతం మంది దొరికిపోయేది అక్కడే. మొహం గోధుమరంగు, మెడ దగ్గర గీత, మోచేతులు సొంతరంగు. ద్రౌపది చెయ్యెత్తి శపథం చేస్తే చంక దాకా రెండు రంగులు కనిపిస్తాయి. ఇక్కడ ముప్ఫై మందిలో ఒక్కరికీ గీత లేదు. మెడ, భుజాలు, వీపు, చేతివేళ్ళ కణుపులు, అన్నీ ఒకే ఛాయ. ఎవరి సొంత ఛాయను బట్టి వాళ్ళకే కలిపారు. అందర్నీ తెల్లగా సున్నం కొట్టెయ్యలేదు. నల్లపిల్లలు నల్లగానే మెరుస్తున్నారు. ఈ ఒక్క పాఠం మన నాటక పరిషత్తు పోటీల గ్రీన్‌రూముల్లో నేర్పితే చాలు.

డ్రెస్సులు మార్చే వేగం ఇంకో విడ్డూరం. చైనా విసనకర్రల డాన్సు అయిపోయి లైటు ఆరింది, కొరియా డప్పుల పాట మొదలైంది, చూస్తే అవే మొహాలు, పైనించి కిందిదాకా కొత్త బట్టలు. నేను గమనించిందేమిటంటే డప్పుల పాటకి కట్టిన లంగాల అంచున ఇందాకటి ఎర్ర పట్టు ఒక వేలెడు కనిపించింది, అదీ ఒక్క పిల్లకే. అంటే డ్రెస్సు మీద డ్రెస్సు తొడిగి, పైది వెల్‌క్రో పీకి లాగేస్తున్నారు. మేమూ మోహినీ భస్మాసురకి ఈ కిటుకు వాడతాం గానీ, మాది చిర్రుమని చప్పుడు వస్తుంది. వాళ్ళు పాటలో తాళం పడే చోట లాగుతున్నారు. చప్పుడు డప్పులో కలిసిపోతుంది.

థాయ్ సంప్రదాయ నృత్యం ఒకటి పెట్టారు, కోసుగా పైకి లేచిన కిరీటాలతో. వేళ్ళు వెనక్కి విల్లులా వంచి, మడమ మీద నెమ్మదిగా కూర్చుని లేవడం. జనం ఫోన్లు చూసుకున్నారు. నాకు షో మొత్తంలో బాగా నచ్చినవాటిలో అదొకటి. గడ్డం కింద తాడు కనపడకుండా ఆ కిరీటం తల మీద ఎలా నిలబడిందో ఇప్పటికీ తెలీలేదు.

హిందీ పాట వచ్చేసరికి హాలు దద్దరిల్లింది. మనవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఐటం మన కోసం పెట్టిందే గానీ కష్టపడి చేసింది కాదు. కుట్టేసిన చీరలు, కుచ్చిళ్ళు ఎటు తిరగాలో అటు తిరగలేదు, బొట్టు అర్ధరూపాయంత. జుంకీలు మాత్రం మంచివి. తెలుగు పాట లేదు. ఒంగోలు డీలరు ఒకాయన తెలుగు పాట కావాలని కేకేశాడు, ఎవరూ పట్టించుకోలేదు, మంచిపని.

ఒక మైనస్సు కూడా చెప్పాలి. ఎవరూ పాడరు. పాట రికార్డు వస్తుంది, నోరు కదుపుతారు. పద్యం రాగం తీసి ఒన్స్‌మోర్ కొట్టించుకునే దేశం నుంచి వెళ్ళినవాడికి ఇది చప్పగా ఉంటుంది. అయితే దానిలోనూ పనితనం ఉంది. రాగం సాగే చోట పొట్ట లోపలికి పోవాలి, మెడ నరం లేవాలి, చరణానికి ముందు ఊపిరి పీల్చినట్టుండాలి. ఇద్దరు ముగ్గురు సీనియర్లు ఇవన్నీ చేశారు. కుర్రపిల్లలు పెదాలు ఆడించి సరిపెట్టారు.

సగం మగ, సగం ఆడ ఐటం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. ఒక్క మనిషే. ఎడమ సగం సూటు, టై, సగం మీసం, వెనక్కి దువ్విన పొట్టి జుట్టు. కుడి సగం ఎర్ర గౌను, పొడుగు జుట్టు, గాజులు. ఎడమ పక్క తిరిగితే ప్రియుడు, కుడి పక్క తిరిగితే ప్రియురాలు, యుగళగీతం. తన చేత్తో తన భుజాన్నే పట్టుకుంటే ఇద్దరు కౌగిలించుకున్నట్టే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాన్న అర్ధనారీశ్వర వేషం వేసేటప్పుడు పాపిట నుంచి గడ్డం దాకా నూలుదారం పట్టి దానికి ముగ్గు రాసి గీత కొట్టేవాడు. గీత ముక్కు మీద కొంచెం వంకర పోయినా వేషం చెడుతుంది. ఇక్కడ గీత ముక్కు కొస మీంచి, పై పెదవి నొక్కు మధ్య నుంచి సూటిగా దిగింది. మీసం సరిగ్గా ఆ నొక్కు దగ్గర ఆగింది. పెదవికి సగమే రంగు. కుడి కన్నుకి రెప్పల వెంట్రుకలు అంటించారు, ఎడమ కన్నుకి లేవు. అంత తేడా ఉన్న రెండు కళ్ళతో ఎదురుగా తిరిగి ఒక్క క్షణం నవ్వినప్పుడు ఎవరి నవ్వో చెప్పలేం. మా బావమరిది "బావా, ఈ వేషం మనం వేయించలేమా" అన్నాడు. వేయించొచ్చు. కట్టేవాడు కావాలి.

చివరి ఐటం దగ్గరే అసలు గొడవ. పెద్దవయసు ఆర్టిస్టు ఒకరు నల్ల గౌనుతో వచ్చి, స్టేజీ మీద అద్దం ముందు కూర్చుని, పాట సాగుతుండగా ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టారు. ముందు కమ్మలు, తర్వాత కంటిరెప్పలు, విగ్గు, విగ్గు కింద మేజోడు టోపీ. క్రీము రాసి తువ్వాలుతో నాలుగు తుడుపుల్లో మొహం ఖాళీ చేసేశారు. గౌను జారితే లోపల చొక్కా ప్యాంటు. పాట అయ్యేసరికి అక్కడున్నది పలచటి జుట్టు పెద్దమనిషి. మనవాళ్ళు పగలబడి నవ్వారు. "చూశావా, మగాడే! అందరూ ఇంతే!" అని వెనకనుంచి ఒకటే గోల. బీరు ఎవరికివ్వాలో చర్చ మొదలైంది.

బయటికి వస్తూ గైడుని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక నాకు షో మొత్తం వేరే లెక్కలో పడింది. "ఆయన మగవాడే సార్, ఇంటి దగ్గరా మగవాడే. వేషం కడతాడు, తీస్తాడు, గొప్ప ఆర్టిస్టు. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి సబ్బుతో మొహం కడుక్కున్నా ఆడవాళ్ళే. వాళ్ళు తీయడానికేం లేదు." అంతే. ఇంకేం వివరించలేదు, బస్సు నంబరు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

నేను వెళ్ళింది స్త్రీవేషాల షో చూద్దామని. మన దగ్గర దానికి పెద్ద పరంపరే ఉంది కదా. మా ఊరి రామవిలాస సభలో ఆడిన స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మా నాన్న చెప్తుంటే తెల్లారిపోయేది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో. స్టేజీ మీద వాళ్ళ వాలుచూపు చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారంటారు. ఆట అయ్యాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని పంచె కట్టుకుని ఇంటికెళ్ళేవారు. వాళ్ళ ప్రతిభకు మార్కులు వేసేది ఎంత బాగా ఆడమనిషిలా ఉన్నారన్న దాని మీద. అది సబబే, వాళ్ళు చేస్తున్న పనే అది. ఆ చివరి ఐటం పెద్దాయనకూ అదే కొలబద్ద పెట్టొచ్చు, పదికి పది వచ్చేస్తాయి. మిగతా ముప్ఫై మందికి అది పెడితే ఎలా కుదురుతుంది? వాళ్ళు ఆడవాళ్ళ పాత్ర పోషించడం లేదు. ఆడవాళ్ళు డాన్సు చేస్తున్నారు, దానికి టికెట్టు కొన్నాం. డాన్సుకి వేయండి, కుట్టుపనికి వేయండి, లైటింగుకి వేయండి. "అచ్చం ఆడపిల్లలాగే ఉందిరా" అని మురిసిపోయి అదే పొగడ్త అనుకోవడంలో అర్థం లేదు. ఇంటర్నెట్టులో ఈ షోల మీద మనవాళ్ళు రాసినవి చాలా చదివాను, నూటికి ఎనభై అదే మాట.

ఇక ఫోటోల తంతు. షో అవగానే ఆర్టిస్టులంతా డ్రెస్సులతో సహా వాకిట్లోకొచ్చి వరసగా నిలబడతారు. ఫోటో దిగితే టిప్పు ఇవ్వాలి, మేం వెళ్ళినప్పుడు మనిషికి 100 బాట్లు నడుస్తోంది. కిటుకు ఏమిటంటే మీరు ఒకరి పక్కన నిలబడతారు, క్లిక్ అనేలోపు ఇంకో ఇద్దరు వచ్చి మీ భుజాన చెయ్యేస్తారు. ఫోటోలో నలుగురు, బిల్లు మూడొందలు. నల్గొండ డీలరు ఒకాయన ఐదొందల నోటిచ్చి చిల్లర అడిగాడు. చిల్లర రాలేదు. దీన్ని మోసమనను. అది వాళ్ళ ఆఖరి ఐటం, దానికీ రిహార్సలు ఉన్నట్టే ఉంది. ఎంతమందితో దిగుతారో ముందే వేలు చూపించి చెప్పండి, సరిపోతుంది.

మనవాళ్ళ ప్రవర్తన గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. ఫోటో పేరుతో నడుం మీద చేతులు, చూడరాని చోట గిల్లుళ్ళు. బిడ్డల పెళ్ళిళ్ళు చేసిన పెద్దమనుషులు. ఒక పొడుగాటి పిల్ల ఏం చేస్తోందంటే, మనవాడి చెయ్యి నడుం దాకా రాకముందే నవ్వుతూ మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తి కెమెరాకి టాటా చెప్పించేస్తోంది. ఫోటోలో ఇద్దరూ సరదాగా చెయ్యూపుతున్నట్టు పడుతుంది. రోజూ ఎంతమందిని చూస్తే ఆ వాటం వస్తుందో. ఒకాయన గైడు దగ్గరికొచ్చి "ఆపరేషన్ అయిందా మీకు?" అని హిందీలో అడిగాడు. ఆమె మొహం మారలేదు. "అది మీ ప్యాకేజీలో లేదు సార్" అంది. ఆయన ఆ రాత్రంతా మళ్ళీ నోరెత్తలేదు.

నేను ఆ పొడుగాటి పిల్లకే వంద ఇచ్చాను, ఫోటో వద్దన్నాను. ఆమె అయోమయంగా చూసింది. అంతవరకూ ఆమెను పట్టుకు వేలాడిన వాళ్ళ చొక్కాలు చూపించాను. తెల్లచొక్కాలు, ఒక్కదానికీ రంగు అంటలేదు. బయట ఉక్కపోత, ఆమె మెడ మీద చెమట బొట్లు నిలిచి ఉన్నాయి, కింద రంగు కదల్లేదు. మన పాన్‌కేక్ అయితే ఈపాటికి చారలు కట్టేది. వేలితో మెడ చూపించి, చొక్కా చూపించి, ఎలా అని సైగ చేశాను. ఆమెకు అర్థమైంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. పౌడరు అద్దినట్టు, మీద నీళ్ళ స్ప్రే కొట్టినట్టు, మళ్ళీ పౌడరు, మళ్ళీ స్ప్రే, మూడుసార్లు చేసి చూపించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తన తలమీది అలంకారం అంచు తాకించింది. లోపల సన్నటి తీగ చట్రం, నుదురు తగిలేచోట స్పాంజి కుట్టారు, ఒకచోట తళుకులు ఊడితే వేరే రంగు దారంతో మళ్ళీ కుట్టి ఉన్నాయి. "నేనే" అన్నట్టు గుండె మీద చెయ్యేసుకుంది. దూరం నుంచి కోట్లు ఖర్చు పెట్టినట్టుండే సరుకు, దగ్గరికెళ్తే సూదీ దారమే.

హోటలుకి వెళ్తుంటే బస్సులో ముందు సీట్లో కూర్చుని గైడుతో మాట్లాడాను. బావమరిది కూడా చెవి ఒగ్గాడు. మీ దేశంలో మీకు ఏ ఇబ్బందీ లేదు కదా, ఎక్కడ చూసినా కనిపిస్తున్నారు, మందుల షాపులో, సెవెన్ ఎలెవన్ కౌంటర్లో, హోటలు రిసెప్షన్లో అన్నాను. ఆమె తన గుర్తింపు కార్డు తీసింది. ఫోటోలో పొడుగు జుట్టుతో ఆమే ఉంది, పేరు ముందు మాత్రం మన 'శ్రీ' లాంటిది. మగవాళ్ళకు వేసేది. పేరు మార్చుకోవచ్చట, ముందుండే ఆ ముక్క మార్చుకునే చట్టం లేదట. విదేశానికి వెళ్ళినప్పుడల్లా ఎయిర్‌పోర్టులో పక్కకి పిలిచి నిలబెడతారంది.

అక్కడ మగవాళ్ళకు 21 ఏళ్ళకు సైన్యం లాటరీ ఉంది. ఏప్రిల్ నెలలో పిలుస్తారు, డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీయాలి, ఎర్ర చీటీ వస్తే సైన్యం, నల్లది వస్తే ఇల్లు. కాగితం మీద మగ అని ఉంది కాబట్టి కతోయ్‌లు కూడా వెళ్ళి వరసలో నిలబడాలి, డాక్టరు సర్టిఫికెట్టు చూపించి మినహాయింపు తెచ్చుకోవాలి. ఈమె కూడా లంగా, జాకెట్టుతో వెళ్ళి ఆ కుర్రాళ్ళ మధ్య నిలబడిందట. వెనకటికైతే మినహాయింపు కాగితంలో శాశ్వత మానసిక రోగం అని రాసేవాళ్ళు. ఆ కాగితం చూసి ఉద్యోగం ఎవడిస్తాడు? ఒకరు కోర్టుకెక్కితే 2011లో ఆ మాట తీసెయ్యమని తీర్పొచ్చింది. ఇవన్నీ ఆమె బస్సులో నీళ్ళ సీసాలు పంచుతూ చెప్పింది.

మంచి కబురూ ఉంది. 2025 జనవరి 23 నుంచి అక్కడ పెళ్ళి చట్టంలో భార్య, భర్త బదులు దంపతులు అనే మాట వచ్చింది. ఎవరైనా ఇద్దరు పెద్దవాళ్ళు పెళ్ళి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆమెకూ ఒకతను ఉన్నాడట, మోటారు మెకానిక్కు. ఎప్పుడు చేసుకుంటారు అని బావమరిది అడిగాడు. "సీజను అయ్యాక, ఇప్పుడు మీ డీలర్ల గ్రూపులు ఎక్కువ" అంది. ఎరువుల వ్యాపారికి సీజను అంటే వెంటనే అర్థమైపోతుంది, తలూపాడు.

మన సంగతి అడిగింది. నేను పేపర్లో చదివినంత చెప్పాను. హైదరాబాదులో నిజాం కాలపు చట్టం ఒకటి, 1919 నాటిది, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడబట్టలు, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకునేందుకు వీలిచ్చేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నూరేళ్ళకు పైగా ఆ పుస్తకాల్లో ఉండిపోయింది. సుప్రీంకోర్టు మూడో జెండరుగా గుర్తించింది 2014లో. కాబట్టి దరఖాస్తు ఫారాల్లో మనకు మూడో గడి ఉంది అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "అయితే మీ ఊళ్ళో మందుల షాపుల్లో పనిచేస్తారా?" అంది. తెనాలి మొత్తం మనసులో తిరిగొచ్చాను. బోసురోడ్డు, మార్కెట్టు... కౌంటరు వెనక ఒక్కరినీ గుర్తు తెచ్చుకోలేకపోయాను. బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు.

మీలో పిల్లలతో వెళ్ళేవాళ్ళుంటే భయం లేదు, మేం చూసిన దాంట్లో అసభ్యం ఏదీ లేదు. చైనా కుటుంబాలు తాత మనవలతో సహా వచ్చాయి. మన సినిమా ఐటం పాటలకంటే పద్ధతిగానే ఉంది. అయితే పటాయాలో బార్లలో జరిగే చిన్నాచితకా షోలు వేరు, వాటిని దీంతో కలపకండి. హాల్లో ఏసీ ఎముకలు కొరికేలా ఉంటుంది, శాలువా పట్టుకెళ్ళండి. సీట్ల సంగతి: ముందు వరస కంటే మధ్యలో ఏడో వరస, ఎనిమిదో వరస మేలు. ముందు కూర్చుంటే కాళ్ళూ ఈకలూ తప్ప వరసల ఆకారం కనపడదు.

మార్కులు. మేకప్‌కి పదికి తొమ్మిదిన్నర, ఆ అర హిందీ పాట బొట్టు దగ్గర పోయింది. దుస్తులకు తొమ్మిది. డాన్సుకి ఏడు. పాటలకు నాలుగు. మా టూరు కంపెనీకి రెండు, ఆ రెండు కూడా గైడు పిల్లకే.